ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి జీవితము

మన సంఘ వార్షిక మహాసభల సందర్భమునఁ బ్రకటింపఁబడు సంచికకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి చరిత్రమును వ్రాసి పంపుమని కార్యనిర్వాహకులు నన్నుఁ గోరిరి. ఐ. పోలవరమున నొక మూల విశ్రాంతి దినములు గడుపుచున్న యొక పాతకాలపు బడిపంతులునకు ఇది గొప్ప గౌరవము. సంతోషముతో నంగీకరించితిని. వ్రాయఁ గూర్చున్న పిమ్మట గాని ఆ పని యెంత కష్టమో తెలియలేదు.

వారి పేరు వినని తెలుఁగువాఁ డుండఁడు. వారి పేర నొక జిల్లా గలదు. కృష్ణానదిపై నొక ఆనకట్ట గలదు. ఊరూర వీథులును, పాఠశాలలును, విగ్రహములును గలవు. కాని వారి చరిత్ర మేమని యెవ్వరైన నడిగినచో తుపాకుల యెదుట ఱొమ్ము విప్పి నిలిచిన కథ యొక్కటి చెప్పి యూరకుందుము. వారు రెండు పర్యాయములు ప్రభుత్వమునకు నాయకులైరి. రెండు పర్యాయములును ఏఁడాదికి అటునిటుగాఁ బదవి కోల్పోయిరి. రెండవ పర్యాయము ఒకే యొక్క ఓటుచేత వారి ప్రభుత్వము కూలిపోయెను. ఈ భాగమును మనవారు తఱచుగా దాఁటవేయుదురు. మహాపురుషునకు ఓటమి శోభింపదని మన భావము కాఁబోలు. నా తలంపు వేఱు. పంతులుగారి గొప్పతనము ఆ పడిపోవుటలోనే తెలియవచ్చునని నా నమ్మకము. అందుచేత బాల్యమునుండి మొదలిడి, ఆ పతనకథకడ నొకింత యెక్కువసేపు నిలిచెదను. చదువరులు క్షమింతురు గాక.

బాల్యము, విద్యాభ్యాసము

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగష్టు 23వ తేదిని ఒంగోలునకు సమీపముననున్న వినోదరాయునిపాలెమున నొక నియోగి కుటుంబమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు. తల్లి సుబ్బమ్మగారు. పదునొకండవ యేఁటనే పితృవియోగము సంభవించెను. ఆ యిల్లాలు ధైర్యము విడువక ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడపి, పరులకు వండి వడ్డించి, బిడ్డలను బెంచెను. ఆ వృత్తి యనిన ఆ కాలమున నెంత చిన్నచూపో మన యిండ్లలోని వృద్ధులకుఁ దెలియును. పిల్లవానికి చదువు చెప్పింపవలెనను పట్టుదల యొక్కటియే ఆమెకు ధనము.

ఒంగోలు మిషను పాఠశాలలో హనుమంతరావు నాయుఁడుగారను నుపాధ్యాయుఁ డుండెను. ఆయన ఈ బాలుని చుఱుకుఁదనమును గనిపెట్టి, తాను రాజమహేంద్రవరమునకు వెళ్లునప్పుడు వెంటఁ దీసికొనిపోయి తన యింటి పిల్లవానివలెఁ జదివించెను. నాయుఁడుగారికి నాటకములయం దభిమానము మెండు. ఆయన నాటకసమాజమునకు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు నాటకములు వ్రాసి యిచ్చెడివారు. ప్రకాశము వేషములు గట్టెడివాఁడు. ఆ వయస్సున నాటకములే కాక దుందుడుకు సావాసములును గొన్ని యుండెనని పంతులుగారే తమ స్వీయచరిత్రమైన నా జీవితయాత్రలో దాఁపఱికము లేక వ్రాసికొనిరి.

ఇచ్చట మన సంఘసోదరులు గమనింపవలసిన దొకటి గలదు. దిక్కులేని ఆ బ్రాహ్మణబాలుని చేరఁదీసినవాఁడు మన కులమువాఁడు గాఁడు. నాయుఁడుగారి చేయి తగలకున్నచో నేఁడు మనము మనవాఁడని చెప్పుకొనుటకు ఆంధ్రకేసరియే లేకుండెడివాఁడు. నలువది యేండ్లకుఁ బైబడి పిల్లలకు పాఠములు చెప్పినవాఁడనగుటచే ఈ సంగతి నన్ను మిక్కిలి కదలించును. ఉపాధ్యాయుఁడు తాను పెంచినది గడ్డిపరకయో మహావృక్షమో యెఱుఁగకయే నీరుపోయుచుండును.

న్యాయవాదిత్వము

మద్రాసున న్యాయశాస్త్రము చదివి, రెండవ తరగతి ప్లీడరై, పంతులుగారు కొంతకాలము ఒంగోలునను, పిదప రాజమహేంద్రవరమునను వృత్తి నడపిరి. రాజమహేంద్రవరమున వారికి త్వరలోనే పేరును ధనమును వచ్చెను. ఆ పురపాలక సంఘమునకు అధ్యక్షులుగా నెన్నుకొనఁబడిరి. పూటకూళ్లమ్మ కుమారుఁడు గోదావరీతీరమున నంతటి పట్టణమునకు నాయకుఁడయ్యెను.

అంతటితోఁ దృప్తి చెందక, రెండవ తరగతి ప్లీడరునకు పెద్ద న్యాయస్థానములలో వాదించు నధికారము లేదని యెఱిఁగి, 1904వ సంవత్సరమున బారిష్టరు పరీక్షకై ఇంగ్లండునకుఁ బయనమైరి. సముద్రయానము ధర్మవిరుద్ధమని పెద్దలు వాదించుచున్న కాలమది. మాంసమును, మద్యమును, ధూమపానమును ముట్టనని తల్లికి మాట యిచ్చి ఓడ యెక్కిరి. ఆ మాటను లండనులో నిలుపుకొనిరి. అచ్చట దాదాభాయి నౌరోజీగారి యెన్నిక ప్రచారమునఁ బనిచేసిరి. మద్యము ముట్టనని తల్లికిచ్చిన యీ మాటను చదువరులు జ్ఞప్తియం దుంచుకొందురు గాక. అర్ధశతాబ్దము పిదప మద్యమే వారి సింహాసనమును గదలించెను.

1907వ సంవత్సరమున మద్రాసు చేరి బారిష్టరుగా నిలిచిరి. ఆ యేఁటనే బిపినచంద్రపాలుగారు మద్రాసునకు వచ్చి యుపన్యసింపఁగా, ప్రభుత్వభయముచే పెద్దలనేకులు వెనుకాడిరి. పంతులుగారు సభాధ్యక్షత వహించిరి. 1911వ సంవత్సరమున తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌దొర హత్యకేసులో ముద్దాయిలలో నొకరి పక్షమున వాదించిరి. లా టైమ్సు అను న్యాయశాస్త్ర పత్రికను నడపిరి. న్యాయవాదులలో అగ్రగణ్యులై విశేషధనము నార్జించిరి.

త్యాగము

1921వ సంవత్సరమున గాంధీమహాత్ముని పిలుపు విని ఆ వృత్తిని ఒక్కమాఱుగా విడిచిపెట్టిరి. మన గ్రామములలో త్యాగమను మాట నేఁడు చాల చౌకయైనది. ఒక పూఁట అన్నదానము చేసినవానిని త్యాగమూర్తి యనుచున్నాము. పంతులుగా రేమి విడిచిరో లెక్క చూడుఁడు. చేతనున్న వృత్తిని విడిచిరి. పిమ్మట స్వరాజ్య యను దినపత్రికను ఆ యేఁటనే స్థాపించి, ఇంగ్లీషునను తెలుఁగునను తమిళమునను నడపిరి. జీతములకును, కాగితమునకును, జామీనులకును తామార్జించిన యాస్తులొక్కొక్కటియే కరఁగిపోయెను. జాతీయపాఠశాలను, ఖద్దరు కేంద్రమును గూడ నడపిరి. 1921వ సంవత్సరాంతమున అహమ్మదాబాదు కాంగ్రెసునందు ప్రధానకార్యదర్శులలో నొకరిగా నెన్నుకొనఁబడిరి. 1926వ సంవత్సరమున కేంద్రశాసనసభకు సభ్యులైరి.

1928వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదిని సైమను సంఘము బొంబాయిలో దిగినది. ఆనాఁడు మద్రాసున హర్తాళము జరిగినది. ఉన్నత న్యాయస్థానప్రాంతమునఁ బోలీసులు కాల్పులు జరుపఁగా నొకఁడు మరణించెను. ఆ కళేబరమును జూడఁబోయిన పంతులుగారిని సాయుధులడ్డగించిరి. వారు చొక్కా తొలఁగించి ఱొమ్ము చూపి నిలిచిరి. తుపాకులు దారి విడిచినవి. నాఁటినుండియే ప్రజలు వారిని ఆంధ్రకేసరి యని కొనియాడిరి. అందఱెఱిఁగిన కథ యగుటచే విస్తరింపను. ఆనాఁటికి పంతులుగారికి ఏబదియైదేండ్లు నిండెననియు, ఆస్తి చాలవఱకు హరించెననియు మాత్రము చెప్పెదను. పోఁగొట్టుకొనుట కేమియు లేని యువకుని ధైర్యము వేఱు. ఇల్లును పిల్లలును గల వయసుమీఱినవాని ధైర్యము వేఱు.

1930వ సంవత్సరమున ఉప్పు సత్యాగ్రహమునందు కేంద్రశాసనసభ్యత్వమును విడిచి చెఱసాల కేఁగిరి. 1937వ సంవత్సరమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున రెవిన్యూమంత్రులై, జమీందారీ విచారణసంఘమునకు అధ్యక్షత వహించిరి. ఊరూర రైతుల సాక్ష్యములు విని, భూమికి యజమాని దున్నెడి రైతే గాని శిస్తు వసూలుచేయు జమీందారుఁడు గాఁడని 1938వ సంవత్సరమున ఆ సంఘము నివేదిక సమర్పించెను. 1939వ సంవత్సరమున మంత్రివర్గము రాజీనామా చేయుటచే అది యప్పటికి శాసనము గాలేదు. జమీందారీల రద్దు చట్టము 1948వ సంవత్సరమునఁ గాని రాలేదు. దానికి దారి వేసినది ఆ నివేదికయే. 1942వ సంవత్సరపు ఉద్యమమునఁ బంతులుగారు డెబ్బదియవ యేఁట మరల చెఱసాల చేరి, 1945వ సంవత్సరమున విడుదలైరి.

మొదటి మంత్రివర్గము

1946వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదిని పంతులుగారు చెన్నరాజధానికి ప్రధానమంత్రులైరి. కాంగ్రెసు పెద్దలు రాజగోపాలాచారిగారిని గోరిరి. శాసనసభ్యులు పంతులుగారిని గోరిరి. ఆంధ్రులును, తమిళులును, వారిలో మరల వర్గములును గల ఆ పక్షమునకు నాయకత్వము వహించుట ముళ్లకంపపై నడచుటయే. పంతులుగారు ఫిర్కాల యభివృద్ధి పథకము నారంభించిరి. చేనేతకును ఖద్దరునకును ప్రాధాన్యమిచ్చి, క్రొత్త నూలుమిల్లులు వలదని పట్టుపట్టిరి. ధనవంతు లాగ్రహించిరి. స్వపక్షమువారే వారియెడ విశ్వాసము లేదనిరి. 1947వ సంవత్సరము మార్చి 23వ తేదిని పంతులుగారు పదవి విడిచిరి. ఓమందూరి రామస్వామి రెడ్డియారుగారు వారి స్థానమునకు వచ్చిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన దినమున అర్ధజీవితము దానికై ధారపోసిన యీ వృద్ధుఁడు పదవిలో లేఁడు.

దోషములను దాఁచి వ్రాసినది చరిత్రము గాదు, స్తోత్రము. అందుచే నొక సంగతి చెప్పకతప్పదు. ప్రజలు తమకు సమర్పించిన నిధులను పంతులుగారు స్వంతవ్యయములకు వాడుకొనిరని గాంధీమహాత్ముఁడే యాక్షేపించెను. ఆ యాక్షేపణ వట్టి శత్రువుల కల్పన గాదు. ప్రజాధనము ప్రజాధనమే యని మహాత్ముని మతము. నా ధనమంతయు ప్రజలకిచ్చితిని, నన్ను పోషించుట ప్రజల వంతని పంతులుగారి మతమై యుండును. నా మట్టుకు నాకు మహాత్ముని వాదమే న్యాయమని తోఁచును. అయినను లక్షల నార్జించిన బారిష్టరు వృద్ధాప్యమునఁ బరులిచ్చిన దానిపై నాధారపడు స్థితికి వచ్చుట ఏ దురాశచేతను గాదు. లెక్క వ్రాసికొనుట యెఱుఁగని గుణముచేత. ఆ గుణమే వారి గొప్పతనము, ఆ గుణమే వారి లోపము. ధనమునకు లెక్క వ్రాయలేదు. ముందు చెప్పఁబోవునట్లు ఓట్లకును లెక్క వ్రాయలేదు.

పదుమూఁడు నెలలు

1951వ సంవత్సరమునఁ బంతులుగారు కాంగ్రెసును విడిచి రంగాగారితోఁ గలిసి ప్రజాపార్టీ స్థాపించిరి. త్వరలోనే యిద్దఱి దారులును వేఱైనవి. 1952వ సంవత్సరపు ఎన్నికలలో చెన్నరాష్ట్ర శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే వచ్చినవి. కమ్యూనిస్టులు మొదలగు ప్రతిపక్షములు కూడి పంతులుగారిని నాయకునిగా నెన్నుకొనిరి. గవర్నరు వారిని పిలువక రాజగోపాలాచారిగారిని పిలిచెను. ఆ యేఁటి డిసెంబరు 15వ తేదిని పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రముకొఱకు నిరాహారదీక్షలోఁ బ్రాణములు విడిచిరి. నాలుగు దినములకు నెహ్రూగారు రాష్ట్రము నంగీకరించిరి.

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదిని కర్నూలులో ఆంధ్రరాష్ట్ర మవతరించెను. పంతులుగారు ముఖ్యమంత్రులైరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. అప్పటికి పంతులుగారి వయస్సు ఎనుబదియొకటి. నిన్నటిదాఁక కాంగ్రెసునకు ప్రతిపక్షమైనవాఁడు నేఁడు కాంగ్రెసు బలముతో ముఖ్యమంత్రి యయ్యెనని పాతమిత్రులు నిష్ఠురమాడిరి. ఆ నిష్ఠురము అకారణము గాదు. 140 మంది సభ్యులుగల ఆ సభలో ప్రభుత్వమునకు స్థిరమైన బలము లేదు. బలమంతయు ఇతరుల దయమీఁద నిలిచినది. పుట్టిననాఁడే పగుళ్లు గల యిల్లది.

ఆ యింటిలో కూర్చుండి వారేమి చేసిరో చూతము. 1937వ సంవత్సరపు శ్రీబాగు ఒడంబడికలో కోస్తావారు రాయలసీమవారికి మాట యిచ్చియుండిరి. రాజధాని యేది యను ప్రశ్న వచ్చినపుడు అనేకులకు ఆ మాట బరువైనది. పంతులుగారు కోస్తావారైనను కర్నూలునే నిలిపిరి. భవనములు లేకున్న గుడారములలోఁ గచేరీలు నడపిరి. ఉన్నత న్యాయస్థానము గుంటూరున 1954వ సంవత్సరము జులై 5వ తేదిని వెలసినది. రాజమహేంద్రవరమునఁ బుట్టిన కోకా సుబ్బారావుగారు దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తి. ఆ యేఁటి సెప్టెంబరు 2వ తేదిని తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ప్రారంభమైనది. 1952వ సంవత్సరమున బెజవాడకడ కృష్ణ పాతయానకట్టకు గండిపడినది. దానికి బదులు క్రొత్తదానికి 1954వ సంవత్సరమున శంకుస్థాపన జరిగి, 1957వ సంవత్సరమున పూర్తియైనది. ధవళేశ్వరపు ఆనకట్ట నీటితో బ్రదుకు కోనసీమవారికి ఆనకట్టకు గండిపడుట యనిన నేమో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. కాలువకు నీరు రాని యొక్క యేఁడు చాలును, ఊరంతయు వలసపోవుటకు.

ఇట్లు రాజధాని, న్యాయస్థానము, విశ్వవిద్యాలయము, ఆనకట్ట యను నాలుగును కూలుచున్న ప్రభుత్వమున పదుమూఁడు నెలలలోఁ బునాదులు వేసికొన్నవి. కుర్చీ కదలుచున్నదని తెలిసినవాఁడు సాధారణముగా కుర్చీని పట్టుకొనును. ఈయన కుర్చీని విడిచి పని పట్టుకొనెను.

ఒక్క ఓటు

ఇఁక మద్యనిషేధపు కథ. 1937వ సంవత్సరమున సేలము జిల్లాలో మొదలైన యీ నిషేధము 1948వ సంవత్సరమునాఁటికి రాజధాని యంతటికి వ్యాపించినది. ఆంధ్రరాష్ట్రమునకు అది వారసత్వముగా వచ్చినది. మన కోనసీమలో కొబ్బరిచెట్టును తాటిచెట్టును నమ్ముకొని వేలకొలఁది గీతకుటుంబములు బ్రదికెడివి. మోకు నడుమునఁ గట్టి చెట్టెక్కిన పనివానిని చట్టము నేరస్థునిగాఁ జేసెను. చాటున నాటుసారా కాచినవాఁడు ధనవంతుఁడయ్యెను, బహిరంగముగాఁ గల్లు గీచినవాఁడు చెఱసాల కేఁగెను. మన మండలములోని ఎదురులంకకు గౌతమి యావలిగట్టున యానాము గలదు. అది 1954వ సంవత్సరము జూను 13వ తేదిదాఁక ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. మద్రాసు చట్టము గౌతమి దాఁటలేదు. కావలసినవాఁడు పడవ దాఁటి త్రాగి వచ్చెడివాఁడని మా పెద్దలు చెప్పుకొనఁగా వింటిని. ఒక గట్టున పాపము, ఎదుటి గట్టున వ్యాపారము.

గీతకార్మికుల పక్షమున గౌతు లచ్చన్నగారు తీవ్రమైన యుద్యమము నడపిరి. ప్రభుత్వము నియమించిన రామమూర్తి సంఘము నిషేధమును తొలఁగింపవచ్చునని సలహా యిచ్చెను. బొక్కసమునకు ఆదాయము వచ్చును, గీతకుటుంబములకు అన్నము దొరకును, సభలో ఓట్లును నిలుచును. ఆ నివేదికను అమలు జరపియున్నచో పంతులుగారి ప్రభుత్వము బహుశః బ్రదికియుండును. వారు జరపలేదు. 1954వ సంవత్సరము నవంబరు 6వ తేదిని కమ్యూనిస్టులు ప్రతిపాదించిన అవిశ్వాసతీర్మానము సభలో ఓటునకు వచ్చెను. పక్షమున 69, ప్రతికూలముగా 68. ఒక్క ఓటుతో ఆంధ్రుల మొదటి ప్రభుత్వము కూలినది. శాసనసభ రద్దయినది, రాష్ట్రపతి పాలన వచ్చినది. 1955వ సంవత్సరము మార్చి 28వ తేదిని బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రులైరి.

పంతులుగారు చేసినది న్యాయమా? గీతవాని పక్షమునుండి చూచిన న్యాయము గాదు. ప్రత్యామ్నాయమగు వృత్తి చూపక ఒకని వృత్తిని నిషేధించుట దయ గాదు. ఆనాఁడు లచ్చన్నగారి వాదమున సత్యము గలదని నేను నిస్సంశయముగా నొప్పుకొందును. ఆ తరువాతి చరిత్రమును జూడ, 1995వ సంవత్సరమున మరల వచ్చిన మద్యనిషేధము రెండేండ్లకే సడలింపఁబడినది. చట్టముతో మాత్రమే యీ వ్యసనము పోదని రెండు పర్యాయములు తేలినది. పంతులుగారి నిర్ణయము తప్పై యుండవచ్చును. కాని వారు దానిని అమ్ముకొనలేదు. తల్లికిచ్చిన మాటను, మహాత్ముని మాటను, తాము ప్రజలకు జెప్పుచు వచ్చిన మాటను ఒక్క ఓటునకై మార్చుకొనలేదు. తప్పు నిర్ణయముకొఱకుఁ బదవి పోఁగొట్టుకొన్నవానిని ఆక్షేపింపవచ్చును. పదవికొఱకు నిర్ణయము మార్చుకొన్నవానిని మాత్రము గౌరవింపఁజాలము.

పరీక్షలో ఒక్క మార్కుతోఁ దప్పిన పిల్లలు నాయొద్దకు వచ్చి కంటఁ దడిపెట్టెడివారు. ఆ ఒక్క మార్కును నేను కలుపగలిగియుందును. కలుపలేదు. వారిలోఁ గొందఱు మరుసటి యేఁడు చక్కగాఁ జదివి పైకి వచ్చిరి. కొందఱు చదువే మానిరి. నేను చేసినది సరియో కాదో యిప్పటికిని నాకుఁ దెలియదు. పంతులుగారి కథ తలఁచినపుడెల్ల ఆ పిల్లల ముఖములు నాకుఁ గనఁబడును. నియమమునకు వెల గలదు. ఆ వెలను ఒక్కొక్కప్పుడు పరులు గూడ చెల్లింతురు. ఈ సంగతి నెఱిఁగి నియమమును పాటించువాఁడే పెద్దమనిషి.

చరమదశ

పదవి పోయిన పిదపఁ బంతులుగారు మూలఁ గూర్చుండలేదు. ఎనుబదినాలుగేండ్లు నిండిన పిమ్మటను గ్రామములు తిరుగుచునే యుండిరి. 1957వ సంవత్సరము వేసవిలో ఒంగోలు ప్రాంతమున హరిజనవాడలో తిరుగుచుండఁగా వడదెబ్బ తగిలెను. హైదరాబాదు వైద్యశాలలోఁ జేర్పింపఁబడి ఆ యేఁటి మే 20వ తేదిని దివంగతులైరి. స్వీయచరిత్రములోని చివరి భాగమును వారి యనుచరులు తెన్నేటి విశ్వనాథముగారు పూర్తిచేసిరి. 1970వ సంవత్సరమున ఒంగోలు జిల్లా యేర్పడినది. 1972వ సంవత్సరమున దానికి వారి పేరు పెట్టఁబడినది. వారు శంకుస్థాపన కాలమున ముఖ్యమంత్రిగా నున్న కృష్ణ ఆనకట్టయు నేఁడు ప్రకాశము బారేజియే.

సోదరులారా! మన సభామందిరములలో వారి చిత్రపటమునకుఁ బూలమాల వేయుచున్నాము. వేయవలసినదే. కాని వారి జీవితమునకు మొదలును తుదియును గమనింపుఁడు. మొదట చేయి పట్టుకొన్నవాఁడు అన్యకులజుఁడైన ఉపాధ్యాయుఁడు. తుదకు వారు తిరిగిన వీథి హరిజనవాడ. ఈ రెంటి నడుమ నున్న జీవితమును మన కులమునకే చెందినదని చెప్పుట వారిని చిన్నచేయుట. వారు మనలోఁ బుట్టిరి. మనకొఱకు మాత్రమే బ్రదుకలేదు. అట్టివారు మనలోఁ బుట్టిరని చెప్పుకొనుట మనకు గర్వకారణము గావలెనన్న, మనమును కొంత వారి దారిని నడువవలెను.

సంఘపోషకులకు నాదొక్క మనవి. పూటకూళ్లమ్మ కుమారుఁడు ఆంధ్రకేసరి యగుటకు కావలసినది విగ్రహము గాదు, ఒక ఉపాధ్యాయుని యింట రెండు పూఁటల యన్నమును, పుస్తకములును. మన కోనసీమలో తండ్రి లేని పిల్లలు నేఁడును గలరు. మన యిండ్లలోఁ గలరు, గీతవారి యిండ్లలోఁ గలరు, పేటలోఁ గలరు. ఈ మహాసభకు వచ్చిన పోషకులలో స్తోమతగలవారు తలకొక పిల్లవానిని, కులము విచారింపక, చదువు ముగియువఱకు భరించునట్లు నిశ్చయించుకొన్నచో, ఈ సంచికకు వ్రాసిన నా శ్రమ ఫలించును. నా విశ్రాంతివేతనమునుండి నేనొక బాలికను భరింప నిశ్చయించుకొన్నాను. ఇది ప్రగల్భమునకై చెప్పుట గాదు. ఇతరులను గోరునపుడు తాను చేయనిది కోరరాదని చెప్పుట.

పంతులుగారి ప్రభుత్వము ఒక్క ఓటుతోఁ బడినది. వారి చదువు ఒక్కని దయతో నిలిచినది. ఒక్కఁడు చేయునది యేమున్నదని మనమెవ్వరము ననుకొనఁగూడదు.

శుభమ్.